కళ్ళుప్పు మూటతో ట్రౌటు వేటకు

పెన్న అంటే నది అని పుస్తకాల్లో ఉంటుంది. మా హిందూపురం వైపు వచ్చి చూస్తే ఇసుక. మంచి వానలు పడిన ఏడు కొన్ని వారాలు పారుతుంది, తర్వాత మడుగుల్లోకి ముడుచుకుంటుంది, ఆ పైన మడుగులు కూడా ఇంకిపోతాయి. ఆ కొన్ని వారాల కోసం ఏడాది పొడుగునా గాలపు ముళ్ళకు నూనె రాసి తుడుచుకుంటూ కూర్చునే పిచ్చివాళ్ళు నాకు తెలిసి ఇద్దరే. ఒకడిని నేను. రెండోవాడు పెనుకొండలో దర్జీ అంగడి నడిపే మహబూబ్ బాషా. నలభై ఏళ్ళుగా ఇద్దరం ఒకే బండరాయి మీద కూర్చుని కొర్రమీన్లకూ జెల్లలకూ గాలం వేస్తున్నాం. ఒంటరిగా గాలం వేయడమూ ఒంటరిగా పులిమేక ఆడుకోవడమూ ఒకటే అని నా అభిప్రాయం. ఈ మాట గుర్తుంచుకోండి, మా యాత్రలో నా గుండె ఎందుకు దడదడలాడిందో తెలుస్తుంది.

నేను పట్టుగూళ్ళ మార్కెట్టులో పనిచేసి రిటైరయ్యాను. చివరి రోజున, మా దగ్గర గూళ్ళు కొనే బెంగళూరు వ్యాపారి ఒకాయన పొడుగాటి గుడ్డసంచి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందులో మూడు ముక్కలుగా విడిపోయే సన్నటి కట్టె, ఒక చక్రం, లావుపాటి తాడు ఉన్నాయి. "మీరు ఏట్లో గాలం వేస్తారని విన్నాను. ఇది నిలవ నీళ్ళలో ట్రౌటు అనే చలికొండల చేపను పట్టే కట్టె. నా నడుము ఇక ఒప్పుకోదు. నీలగిరిలో ఒక్కసారి వేసి చూడండి" అన్నాడు. దీనికి వానపాము, పిండి పనికిరావట. చిన్న ముల్లుకు ఈకలు, దారం చుట్టి పురుగులాగా తయారు చేసి, గాలిలో తాడు విసిరి నీళ్ళ మీద వాల్చాలట. ఆయన దాన్ని ఫ్లై అన్నాడు. మేము ఈకపురుగు అని పేరు పెట్టుకున్నాం.

ఇది తొంభైల చివరి మాట. డైరీ రాయడం నాకు చదువుకునే రోజుల నుంచి అలవాటు. ఈ యాత్ర పేజీలు ఇప్పుడు తీసి చూస్తే అక్షరాలు వంకరగా ఉన్నాయి. చలికి కొంత, నవ్వుకు చాలా.

ధర్మవరం

బాషాతో కలిసి దక్షిణాన నీలగిరికి పోవలసినవాడిని మొదట ఉత్తరానికి పోయాను. ఈకపురుగుకు పట్టుదారం కావాలి, పట్టుదారానికి ధర్మవరం పోక ఎక్కడికి పోతాం? పొద్దున్నే ప్యాసింజరు దిగి, స్టేషను బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఆ బజ్జీ కారానికి కళ్ళు తుడుచుకుంటూ ఓబులేశు ఇంటికి చేరేసరికి ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఉన్నాడు. మార్కెట్టు రోజుల నుంచి పరిచయం.

"రాప్పా, రా. ఏడ్చినట్లుండావే?"

"బజ్జీ తిన్నాలే. నాక్కాస్త పట్టుదారం కావాల. రకరకాల రంగులు, మూరెడు మూరెడు చాలు. కాస్త జరీ గూడా."

"మూరెడు దారంతో ఏం చీరొస్తాది? ఎవురికి?"

"చేపకి."

ఓబులేశు మగ్గం నాడె ఆపేసి నన్ను ఎగాదిగా చూశాడు. విషయమంతా చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వి, మగ్గం కింద రాలిన దారపు పోగులన్నీ ఏరి కాగితంలో చుట్టి ఇచ్చాడు. చిలకపచ్చ, వంగపండు రంగు, పసుపు, రాణి రంగు, పైన బంగారు జరీ. "చేప పెండ్లికి నన్ను పిలవడం మర్సిపోవద్దు" అన్నాడు. డబ్బు తీసుకోలేదు. చేపలకు అమ్మే అలవాటు తమ వంశంలో లేదట.

పెనుకొండ

మధ్యాహ్నానికి పెనుకొండలో దిగాను. బాషా అంగడిలో గోడకు కొలతల టేపు, కత్తెరలు, వాటి మధ్య మేకుకు అతని వెదురు గాలం వేలాడుతుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు అది గుడ్డ కొలిచే కట్టె అనుకుంటారు.

బాషా అప్పటికే పని మొదలుపెట్టి ఉన్నాడు. కుట్టుమిషను సూది తీసేసి, సూది బిగించే చోట గాలపు ముల్లు బిగించాడు. నేను ఇచ్చిన దారం తీసుకుని, కాజాలు కుట్టే ఓర్పుతో ముల్లు చుట్టూ చుట్టసాగాడు. దారం మీద ఈక, ఈక మీద జరీ. మూడు నాలుగు అయ్యాక బల్ల మీద వరసగా పెట్టాడు. రాణి రంగు ఒళ్ళు, జరీ నడుము, ఎర్ర ఈకల మెడ ఉన్నదాన్ని చూసి నేను, "ఇది పురుగు కాదు బాషా, పెండ్లికూతురు" అన్నాను.

"చేపకు మాత్రం సోకు ఉండదా?" అన్నాడు.

"ఇంత మంచి ఎర్ర ఈకలు యాడివి?"

బాషా మిషను చక్రం తుడవడంలో పడ్డాడు. జవాబు దొడ్డివైపు నుంచి వచ్చింది. ముందు ఒక కోడిపుంజు పరిగెత్తుకొచ్చింది. దాని మెడ చుట్టూ ఈకలు లేవు. కాలరు చింపేసిన చొక్కాలాగా ఉంది. బాషాను చూడగానే బల్ల కిందికి దూరింది. వెనకే అతని భార్య ఖైరున్.

"చూడన్నా, చూడు మీ స్నేహితుడి నిర్వాకం! నేను బిడ్డ మాదిరి సాకుతాండే పుంజు. నిద్రలో ఉంటే మెడ గొరిగినాడు. రెండు దినాల నుంచి సిగ్గుతో కూయడమే మానేసింది."

"నొప్పి కాకుండా తీసినాలేవే" అన్నాడు బాషా.

"నీకేం నొప్పి? పోయినసారి ఏరు పారిందని అంగడి మూసి పోతివి. పెండ్లివాండ్లు పైజామాలు లేకుండా నా గుమ్మంలో కూసోని ఏడ్సిరి. అన్నా, ఈయన ఇన్నేండ్లలో చెప్పిన చేపలన్నీ నిజమైతే పెన్నలో నీళ్ళు పట్టే జాగా ఉండదు. చెప్పేది బారెడు, తెచ్చేది బెత్తెడు."

"ఈసారి చూడు, ట్రౌటు తెచ్చి నీ చేతిలో పెడతా!"

"పెట్టకపోతే?"

బాషాకు పౌరుషం వచ్చింది. గోడ మీది వెదురు గాలం చూపించి, "పెట్టకపోతే నేనే ఆ కట్టె ముక్కలు చేసి నీ పొయ్యిలో పెడతా. మళ్ళా ఈ జన్మలో గాలం ముట్టను. నారాయణప్ప సాక్షి" అన్నాడు.

నన్ను ఎందుకు సాక్షిని చేశాడో దేవుడికే ఎరుక. ఖైరున్ లోపలికి పోయి, గుడ్డ మూట ఒకటి తెచ్చి బాషా ఒళ్ళో దబ్బున పడేసింది. రెండు శేర్ల కళ్ళుప్పు.

"దూరాబారం గదా, చేప చెడిపోతాది. కడుపు చీల్చి ఉప్పు పట్టిచ్చి తీస్కరా. అప్పుడు ఒప్పుకుంటా."

అట్లా మా సామానులో ఉప్పు చేరింది.

హిందూపురం, అంటే ఇసుక

బయల్దేరే ముందు విసరడం నేర్చుకోవాలి గదా. మా ఊరికి దగ్గరలో పెన్నలోకి దిగాం. నీటి చుక్క లేదు. అడుగు పెడితే ఇసుక చురచురమంది. కట్టె బిగించి, తాడుకు పెండ్లికూతురి చెల్లెల్ని ఒకదాన్ని కట్టి, బెంగళూరు ఆయన చెప్పినట్లు వెనక్కీ ముందుకూ ఊపడం మొదలుపెట్టాం. వెనక్కి పోయిన తాడు పూర్తిగా చాపుకునే దాకా ఆగి, అప్పుడు ముందుకు తోయాలి. నేను ఆగేవాణ్ణి కాదు, బాషా ఆగితే కదిలేవాడు కాదు.

కాసేపటికి ఒక గొర్రెల కాపరి మందను తోలుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఏం పడతాండారప్పా?"

"ట్రౌటు" అన్నాడు బాషా గంభీరంగా.

"ఈ ఇసకలోనా?"

"ఇది తాలీము."

"ఓహో. తాలీములో పడినాక నీళ్ళు తెస్తారా?"

బాషాకు రోషం వచ్చి గట్టిగా వెనక్కి విసిరాడు. ఈసారి తాడు ముందుకు రాలేదు. వెనక నుంచి "మే" అంది. ఈకపురుగు ఒక గొర్రె నడుము మీది బొచ్చులో దిగి ఉంది! ఆ గొర్రె కదిలింది, దాన్ని చూసి మంద కదిలింది, కట్టె వంగింది, చక్రం గిర్రున తిరిగింది. బాషా ఇసుకలో పరిగెత్తుతూ "వదలద్దు, వదలద్దు" అంటాడు. ఎవరిని ఎవరు వదలకూడదో నాకు అర్థం కాలేదు. కాపరి నవ్వలేక కూలబడిపోయాడు.

చివరకు గొర్రెను పట్టుకుని, బొచ్చు కత్తిరించి ముల్లు తీశాం. బాషా దాని వీపు తట్టి, "పో తల్లీ. తొలి పట్టు ఏటిదే" అన్నాడు.

ఇది నవ్వులాట మాట కాదు, మా ఇద్దరి కట్టుబాటు. ఏ నీళ్ళలో మొదటిసారి గాలం వేసినా, మొదట పడ్డదాన్ని ఆ నీళ్ళకే వదిలేస్తాం. అరుదుగా పారే ఏరు మాది. దాని దగ్గర మొదటే చెయ్యి చాపి లాక్కుంటే మళ్ళీ రాదేమోనన్న భయంలో పుట్టిన అలవాటు. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ ఇసుకలో నవ్వుతూ నిలబడినప్పుడు ఈ కట్టుబాటూ ఆ ఉప్పుమూటా ఎదురెదురుగా రాబోతున్నాయని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

కొండ దారి

మా ఇంటావిడ కట్టిచ్చిన చిత్రాన్నం బెంగళూరు దాటకముందే అయిపోయింది, ఓళిగలు, అదే బొబ్బట్లు, మైసూరు దాకా వచ్చాయి. మైసూరులో ఊటీ బస్సెక్కాం. అడవి మొదలయ్యాక బాషా కిటికీలోంచి తల బయట పెట్టి ఏనుగు కోసం వెతికాడు. ఏనుగు కనబడలేదు గాని దాని పేడ కనబడింది. "ఇంతుండాది!" అని బస్సులో అందరికీ చేతులు చాపి చూపించాడు. బారెడు. ఖైరున్ మాట గుర్తొచ్చి నేను నవ్వాను.

రాష్ట్రం మారే చోట తనిఖీకి ఒక పోలీసాయన బస్సెక్కి మా మూట నొక్కి చూశాడు. తెల్లగా, గరగరగా ఉండేసరికి ఆయన మొహం మారిపోయింది.

"ఏమిటిది?"

"ఉప్పు" అన్నాను కన్నడంలో.

"ఎందుకు?"

"చేపకు."

"చేప ఏది?"

"ఇంకా పట్టలేదు."

ఆయన ఒక రాయి నాలిక మీద వేసుకుని చూసి, ఉమ్మేసి, మా ఇద్దరి తలల వైపు జాలిగా చూసి దిగిపోయాడు. బస్సు అంతా నవ్వింది. పక్క సీటావిడ మాత్రం ఊటీలో ఉప్పు దొరకదేమోనని నిజంగానే కంగారుపడింది.

ఊటీ

దిగీ దిగగానే చలి చొక్కాలోకి చెయ్యి పెట్టింది. బాషా తన సంచిలో ఉన్న రెండు చొక్కాలూ ఒకదాని మీద ఒకటి వేసుకున్నాడు, పైన నా దుప్పటి కూడా. టీ కొట్లో గ్లాసు తాగడానికి ముందు కాసేపు చెంపలకు ఆనించుకోవడం ఇక్కడి ఆచారం అని తెలిసింది. వర్కీ అనే పొరలు పొరల బిస్కెట్టు టీలో ముంచి తింటారు. నోట్లో పెట్టుకుంటే సగం నోట్లో, సగం చొక్కా మీద. మా ఊళ్ళో మనిషి గొప్ప గాజుల్లో, గడియారంలో కనిపిస్తే ఇక్కడ స్వెట్టరులో కనిపిస్తుంది. క్యారెట్లు మాత్రం గడ్డి ధరకు దొరుకుతున్నాయి. బాషా ఒక కట్ట కొని గుర్రంలాగా నమిలాడు.

చేపల శాఖ వాళ్ళ దగ్గర రెండు రోజులకు అనుమతి చీటీ తీసుకున్నాం. వానపాములు, పిండి వాడకూడదని గట్టిగా చెప్పారు. మర్నాడు బస్సులో, ఆ తర్వాత జీపులో అవలాంచి చేరాం.

అవలాంచి నీళ్ళు

జీపు దిగాం. చుట్టూ పచ్చని కొండలు, నడుమ నీళ్ళు. అలా కనుచూపు మేర, ఊరకనే, ఎవరికీ అక్కర లేనట్టు నీళ్ళు! కడవ తీసుకుని వరసలో నిలబడిన ఆడమనిషి ఒక్కరు లేరు.

"నారాయణప్పా, ఇన్ని నీళ్ళు యాడియాడివో తెచ్చి ఈడ దాచిపెట్టినారు. మనోళ్ళకు తెలీదు" అన్నాడు బాషా.

అక్కడి కాపలాదారు నంజన్. ఆ కొండల్లోని బడగ కులం మనిషి, మా ఈడువాడే, నెత్తికి తెల్ల పాగా, నోటికి మూత లేదు. వాళ్ళ మాట మన కన్నడానికి పెదనాన్న కొడుకులాంటిది. హిందూపురంలో సగం బతుకు కన్నడంలోనే గడిచింది గనక నాకు బాగానే తెలిసింది. రాగానే మా ఇద్దరిలో పెద్దవాడెవరని అడిగాడు. వాళ్ళలో చిన్నవాడు తల వంచితే పెద్దవాడు నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించాలట. ఆ గొప్ప కోసం నేనంటే నేనని ఇద్దరం వాదించుకున్నాం. చివరకు నంజనే మా ఇద్దరికంటే పెద్దవాడని తేలి, ఇద్దరమూ తలలు వంచాల్సి వచ్చింది.

ఈకపురుగుల డబ్బా తెరిచి చూపిస్తే నంజన్ కళ్ళు పెద్దవి చేశాడు. "ఇవి చేపలకా, పేరంటాళ్ళకా?" అన్నాడు. ఆ రోజు మబ్బుగా ఉంది గనక చేప పడదన్నాడు. కాసేపటికి ఎండ వచ్చింది. ఎండగా ఉంది గనక పడదన్నాడు. 

ఉన్న కట్టె ఒకటే. ఒకరు వేస్తే ఇంకొకరు తప్పులు పట్టాలి. ఇసుకలో చేసిన తాలీము కొంత పనికొచ్చింది. పదింట ఒకసారి తాడు తిన్నగా పోయి వాలింది. మిగతా తొమ్మిదింట్లో ఒకటి నా మఫ్లరు, ఒకటి నంజన్ పాగా, మిగిలినవి వెనక పొదలు. పాగా విప్పుతుంటే నంజన్, "ఇన్నేళ్ళలో నన్ను పట్టినవాళ్ళు మీరే" అన్నాడు.

మేము చేసిన అసలు తప్పు అది కాదు. ఏట్లో గాలం వేసినవాడు ఎర విసిరి ఊరుకుంటాడు. మిగతా పని నీళ్ళు చేస్తాయి. ఎరను మోసుకుపోయి, బండ పక్కన తిప్పి, చేప నోటి ముందుకు తీసుకుపోయేది ఏరే. మేము ఇక్కడా అట్లే వేసి, పెండ్లికూతురు ఎటు నడుస్తుందా అని చూస్తూ నిలబడ్డాం. పెండ్లికూతురు పీటల మీద కూర్చున్నట్లు కూర్చుంది. ఎంత చూసినా అక్కడే. సాయంత్రానికి నా మెడ పట్టేసింది.

"ఈ నీళ్ళకు యాడికీ పొయ్యే పని లేదప్పా" అన్నాడు బాషా విసుగ్గా. "పెన్న పారితే పారతాది, లేకుంటే లేదు. ఇట్ల నిండా ఉండి కదలకుండా ఉండేది నేను చూళ్ళేదు."

నంజన్‌ని అడిగితే, కొంచెం కొంచెం లాగాలి అన్నాడు. ఎట్లా లాగాలంటే, అది మనిషిని బట్టి ఉంటుందన్నాడు. నేను లాగితే తాడు కాళ్ళకు చుట్టుకుంది. చీకటి పడే దాకా ఒక్క చేప కూడా మమ్మల్ని పలకరించలేదు.

నంజన్ ఇంటి ముద్ద

రాత్రి నంజన్ ఇంట్లో పడక. అతని భార్య కంచాల్లో పెట్టింది చూసి మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రాగి సంగటి! పక్కన అనపగింజల పులుసు! ముద్ద మన దానికంటే కాస్త మెత్తన, పులుసులో కారం కాస్త తక్కువ, అంతే తేడా. ఇంత దూరం, ఇన్ని బస్సులు, ఇంత చలి, చివరకు మా అవ్వ చేతి కూడు. బాషా మూడు ముద్దలు తిన్నాడు.

తిన్నాక బయట అరుగు మీద ఉప్పుమూట తీసి చూశాడు. మంచుకు చెమ్మగిల్లి కింద నీళ్ళు కారుతున్నాయి.

"ఇది గూడా కరిగిపోతాండాది" అన్నాడు. "రేపు పడకపోతే?"

"పడతాది."

"పడకపోతే ఆ కట్టె విరిచేస్తాలే. మాటంటే మాటే. నువ్వు ఇంకెవుర్నన్నా చూసుకో."

"ఎవుర్ని చూసుకోవాల? ఈ వయసులో నాకెవురిస్తారు?" అన్నాను. బాషా నవ్వాడు. నేనూ నవ్వాను గాని, నిద్ర మాత్రం సరిగ్గా పట్టలేదు. పెన్న పారిన రోజున బండ మీద నేనొక్కణ్ణే కూర్చుని ఉండటం పదే పదే కనిపించింది.

చివరి పూట

మధ్యాహ్నం జీపు. పొద్దుటి నుంచి వంతులవారీగా విసిరాం. డబ్బాలో ఈకపురుగులన్నీ ఒక్కొక్కటే పొదల పాలయ్యాయి, పెండ్లికూతురు ఒక్కతే మిగిలింది. నంజన్ గాలి ఉంది గనక పడదన్నాడు. గాలి ఆగింది. ఆగింది గనక పడదన్నాడు.

ఇదే చివరిది అనుకున్న విసురు బాషాది. బ్రహ్మాండంగా పోయింది, చాలా దూరాన, చప్పుడు లేకుండా వాలింది. ఏమీ కాలేదు. కాసేపు చూసి, "ఇంక చాలు, సర్దుకుందాం" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బాషాకు ఆ చక్రం మీద నమ్మకం లేదు. తిప్పితే దారం చిక్కు పడుతుందని అనుమానం. దర్జీవాడు వదులు దారం చూసి ఊరుకోలేడు. కుట్టగా మిగిలినదాన్ని బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య, ఇటు తిప్పి అటు తిప్పి, ఎనిమిది అంకె లాగా చుట్టేస్తాడు. బాషా అదే పని చేశాడు. కట్టె చంకలో పెట్టుకుని, నాతో మాట్లాడుతూ, తాడును అరచేతిలోకి చుట్టుకుంటూ పోయాడు. అటు నీళ్ళలో పెండ్లికూతురు కొంచెం కొంచెంగా కదిలింది.

"ఖైరున్‌కు ఏం చెప్పాలంటే..." అని ఆగిపోయాడు. కళ్ళు గుండ్రంగా అయ్యాయి.

"ఏమైంది?"

"అవతల నుంచి ఎవురో టేపు పట్టుకోని లాగినట్లుండాది."

అంతలో నీళ్ళు పగిలాయి. జానెడు వెలుగు గాలిలోకి లేచి, ఒళ్ళు విదిలించి, మళ్ళీ పడింది. తాడు బాషా వేళ్ళకే చుట్టి ఉంది! "అల్లా! నా ఏలు! నా ఏలు!" అని కేకలు వేస్తూ నీళ్ళలోకి నడిచాడు. నేను అతని చొక్కా పట్టుకున్నాను, పై చొక్కా. నంజన్ వలబుట్ట తీసుకుని నా వెనక. నేను "కట్టె ఎత్తు" అంటే నంజన్ "దించు" అంటాడు. బాషా ఇద్దరి మాటా వినలేదు. చీర కుచ్చిళ్ళు సర్దినట్లు తాడును ఒకసారి వదులుతూ, ఒకసారి చుట్టుకుంటూ ఒడ్డుకు తెచ్చాడు. నంజన్ బుట్ట కిందికి పెట్టి ఎత్తాడు.

ట్రౌటు. వెండి ఒళ్ళు, పక్కన గులాబి చార, వీపంతా మిరియాలు చల్లినట్లు చుక్కలు. పెదవి అంచున మా పెండ్లికూతురు, జరీ చెక్కుచెదరకుండా. జానెడు మీద నాలుగు వేళ్ళు ఉంటుంది. ముగ్గురం ముసలాళ్ళం మోకాటి లోతు నీళ్ళలో గంతులు వేశాం. నంజన్ పాగా ఊడిపోయింది. "మూట తేనా? ఉప్పు తేనా?" అని అతను ఒడ్డుకు పరిగెత్తబోయాడు.

అప్పుడు బాషా మొహం చూశాను. నవ్వు ఆగిపోయి ఉంది. బుట్టను నీళ్ళలోనే ఉంచి, చేపను ముంచి పట్టుకుని నిలబడ్డాడు.

"తొలి చేప" అన్నాడు.

నా గుండె జారింది. "బాషా, ఆ కట్టుబాటు ఏటికి. ఇది ఏరు కాదు గదా!"

"నీళ్ళు నీళ్ళే గదప్పా."

"తొలి పట్టు గొర్రె అయిపాయ! దాన్ని వదిలేసినాం. ఇది రెండోది!"

"అది పెన్నకు లెక్క. ఈ నీళ్ళకు ఇదే తొలిది."

"ఖైరున్ ముందర నువ్వు ఆడిన మాట? నేను సాక్షిని!"

"ఆమెకు ఆడినది నా మాట. ఇది మన మాట" అన్నాడు. నంజన్‌కు తెలుగు తెలియక మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. బాషా పెండ్లికూతురిని జాగ్రత్తగా విప్పి తీశాడు. బుట్ట వంచాడు. చేప ఒక్క క్షణం అతని అరచేతి మీదే ఊపిరి తీసుకుంటున్నట్లు ఆగి, తోక ఆడించి, లేదు. నీళ్ళు మళ్ళీ ఎప్పటిలాగే కూర్చున్నాయి.

బాషా చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది.

"సల్లగుండాది నారాయణప్పా."

"ఏంది, మనసా?"

"కాదప్పా, చెయ్యి! టవలియ్యి, టవలు!"

జీపు వచ్చే దాకా ఇద్దరం వేళ్ళకు తాడు చుడుతూ మళ్ళీ మళ్ళీ వేశాం. నాకూ ఒకసారి టేపు లాగినట్లే లాగింది. ఆ లాగుడుతోనే పెండ్లికూతురు అత్తగారింటికి వెళ్ళిపోయింది. డబ్బా ఖాళీ.

మైసూరు చేపల అంగడి

తిరుగు దారిలో మైసూరులో బస్సుకు వ్యవధి ఉంటే బాషాను చేపల అంగడికి లాక్కుపోయాను. "ఏదో ఒకటి కొందాం. ఉప్పు పట్టించినాక ట్రౌటో బొచ్చె చేపో ఎవురికి తెలుస్తాది?" అన్నాను. బాషా ఒక బొచ్చెను ఎత్తి చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. అంగడివాడు ఇప్పుడే వచ్చిన సరుకు అన్నాడు. దాని కళ్ళు చూస్తే వచ్చి చాలా కాలమైనట్టుంది.

"దీని నోట్లో ముల్లు గుర్తు లేదు. ఖైరున్ మొదట చూసేది నోరే" అన్నాడు.

"గుండుసూదితో పొడుస్తాలే!"

అతను నవ్వి చేపను మంచు మీద పెట్టేశాడు. "దొంగ చేప పెట్టి దక్కించుకున్న కట్టెతో మళ్ళా ఏం పట్టాలప్పా? పా, టీ తాగుదాం."

టీ తాగుతున్నంతసేపూ అతను కట్టె ఎక్కడ విరిస్తే పొయ్యిలో సరిగ్గా పడుతుందో లెక్కలు వేశాడు.

మళ్ళీ పెనుకొండ

హిందూపురంలో దిగిపోవలసినవాడిని, సాక్షిని గదా, పెనుకొండ దాకా టిక్కెట్టు తీసుకున్నాను. ఖైరున్ గుమ్మంలోనే ఉంది. పుంజు ఆమె పక్కనే ఉంది. మెడ మీద చిన్న చిన్న ఈకలు మొలుస్తున్నాయి. బాషాను చూసి అది ఆమె కుచ్చిళ్ళ వెనక్కి పోయింది.

బాషా మూట ఆమె ముందు పెట్టాడు. రెండు శేర్లుగా పోయిన ఉప్పు ఒక శేరు కంటే తక్కువై వచ్చింది.

"చేప యాడ?"

"పడింది. వదిలేసినా. తొలి చేప."

బాషా తిన్నగా అంగడిలోకి పోయి, మేకు మీది వెదురు గాలం దించి తెచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. మోకాలికి అడ్డం పెట్టాడు.

"ఉండు" అంది ఖైరున్. నా వైపు తిరిగింది. "అన్నా, నిజంగా పడిందా? ఎంతుండె?"

స్నేహితుణ్ణి కాపాడుకోవాలన్న ఆత్రంలో నా చేతులు నా ప్రమేయం లేకుండా లేచాయి. లేచి, చాపుకుని, ఇంకా చాపుకుని, గుమ్మం రెండు వైపులా తగిలాయి. "ఇంత! ఇంతుండె చెల్లెమ్మా!"

బాషా కట్టె పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకుని, బిగుతు చొక్కా కొలత సరిచేసినట్లు, లోపలికి, ఇంకా లోపలికి నెట్టాడు. జానెడు మీద నాలుగు వేళ్ళ దగ్గర ఆపాడు.

"ఇంతే ఉండె" అన్నాడు.

ఖైరున్ ఆ కొలతను చూసింది. తర్వాత బాషా మొహాన్ని చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని ఆగలేదు, గోడకు ఆనుకుని నవ్వింది. "ఇన్నేండ్లకు ఈ మనిషి నోట ఒక నిజమైన చేప వచ్చింది! కొలతతో సహా!"

ఉప్పుమూట తీసుకుని లోపలికి పోతూ వెనక్కి తిరిగింది. కుచ్చిళ్ళ వెనక దాక్కున్న పుంజును చంకలోకి ఎత్తుకుని, దాని మెడ కొంగుతో కప్పింది.

"ఈసారి పోయేటప్పుడు ఈకలు సంతలో కొనుక్కోని పోండి" అంది. "దీన్ని మాత్రం ముట్టుకుంటే ఊరుకోను."

బాషా నా వైపు చూశాడు. నేను బాషా వైపు చూశాను. "ఈసారి" అన్న మాట ఇద్దరికీ వినిపించింది. కొంగు కింద నుంచి పుంజు, ఇన్ని రోజుల తర్వాత, గట్టిగా కూసింది.